ఆర్డరు ఫారంలో పుట్టిన కారు

అమెరికన్ మజిల్ కార్లను 1973 నాటి చమురు సంక్షోభమే చంపేసిందని చాలామంది అనుకుంటారు. నమ్మబుద్ధేసే మాటే. గుటకలు వేస్తూ పెట్రోలు తాగే బండ్లు, ఉన్నట్టుండి బంకుల ముందు బారులు, దాంతో కథ కంచికి. కానీ ఫ్యాక్టరీ లెక్కలు ఈ మాటకు అడ్డొస్తాయి. ఈ తరహా కార్లకు పెద్దదిక్కు అనదగ్గ పాంటియాక్ జీటీఓనే తీసుకోండి. 1969 మోడల్ కింద 72,287 బండ్లు తయారయ్యాయి. మరుసటి ఏడు 40,149. 1971లో 10,532. 1972కి వచ్చేసరికి 5,811. అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపింది 1973 అక్టోబరులో. అప్పటికే జీటీఓ పాడె లేచింది. చమురు దేశాలు వచ్చి ఒక భుజం పట్టాయంతే.

మరి చంపిందెవరు? అది తేలాలంటే పుట్టుక దగ్గర్నుంచి చూడాలి. ఈ కారును పుట్టించిందీ, ఎగదోసిందీ, చివరికి ముంచిందీ ఇంజిన్ల కన్నా ఎక్కువగా కాగితాలే. కంపెనీ లోపలి నిబంధనలు, ఆప్షన్ల జాబితాలు, రేసుల రూల్ పుస్తకాలు, ఇన్సూరెన్సు పట్టికలు.

ముందు అసలు మజిల్ కారంటే ఏమిటో చెప్పుకోవాలి. మధ్యరకం సైజులో ఉండే మామూలు ఫ్యామిలీ కారు, సాధారణంగా రెండు తలుపులది. అదే కంపెనీ తన పెద్ద కార్లకు వాడే ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌ను తెచ్చి అందులో కూర్చోబెడతారు. ధర మాత్రం ఉద్యోగంలో చేరిన కుర్రాడు వాయిదాల మీద కొనుక్కోగలిగేంత. అంతే. మలుపుల్లో వాలిపోయేది, బ్రేకులు వేస్తే ఆలోచించుకుని ఆగేది. ఇవన్నీ తెలిసే కొన్నారు. దాని పని తిన్నటి రోడ్డు మీద పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎంత తొందరగా దాటడమన్నదే. స్పోర్ట్స్ కారుతో పోల్చి దీన్ని వెక్కిరించేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లు చెప్పే లోపాలన్నీ నిజమే, కాకపోతే ఆ బండి ఆ పనికి పుట్టలేదు.

పెద్ద ఇంజిన్‌ను తేలిక బండిలో పెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1949లో ఓల్డ్స్‌మొబైల్ తన కొత్త 303 క్యూబిక్ ఇంచుల, అంటే దాదాపు ఐదు లీటర్ల, రాకెట్ వీ8ని చిన్న బాడీలో పెట్టి రాకెట్ 88 అని అమ్మింది. శక్తి 135 హార్స్‌పవర్. ఈ రోజు లెక్కలో అదేం పెద్ద సంఖ్య కాదుగానీ, అప్పటి స్టాక్ కార్ పందేల్లో దుమ్ము రేపింది. 1955లో క్రైస్లర్ సీ-300 తన 300 హార్స్‌పవర్‌ను పేరులోనే పెట్టుకుని వచ్చింది. అది డబ్బున్న పెద్దమనుషుల బండి. 1957లో వచ్చిన రాంబ్లర్ రెబెల్ ఇంకా దగ్గరి చుట్టం. తేలికపాటి సెడాన్, 327 క్యూబిక్ ఇంచుల ఇంజిన్, 255 హార్స్‌పవర్. 1,500 బండ్లతో దాని కథ ముగిసింది. మూడింట్లోనూ సరుకు ఉంది. దాని కోసం ఎగబడే వయసు జనం ఇంకా తయారుకాలేదు.

1964కి తయారయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో పుట్టిన పిల్లలకు ఆ ఏడు పద్దెనిమిదేళ్లు నిండాయి. చేతిలో లైసెన్సు, చాలామందికి జీతం, ఊరూరా వాయిదాల మీద కార్లిచ్చే డీలర్లు. పెట్రోలు గ్యాలన్ ముప్పై సెంట్ల పైచిలుకు, గ్యాలనంటే మన లెక్కలో 3.8 లీటర్లు.

ఇప్పుడు పాంటియాక్ దగ్గరికి వద్దాం. జనరల్ మోటార్స్‌లో అదొక డివిజన్. ఒకప్పుడు రిటైరైన మాస్టార్లు కొనే కార్లని దానికి పేరు. 1956లో బంకీ నడ్సెన్ అధిపతిగా వచ్చాక రేసుల్లో దించి ఆ పేరు చెరిపేశాడు. అమ్మకాలూ పెరిగాయి. సరిగ్గా అది రుచి మరిగిన వేళ, 1963 జనవరిలో, జనరల్ మోటార్స్ పైవాళ్లు అన్ని డివిజన్లకూ హుకుం జారీ చేశారు: ఇక రేసుల జోలికి వెళ్లడానికి వీల్లేదు. మిగతావాళ్లకు ఇబ్బంది, పాంటియాక్‌కు మాత్రం ఉన్న ఒక్క ఆకర్షణా పోయినట్టయింది.

అప్పుడు చీఫ్ ఇంజినీరు జాన్ డిలోరియన్. ఆయన దగ్గర బిల్ కాలిన్స్, రస్ జీ అనే ఇద్దరు ఇంజినీర్లు. 1964 కోసం సిద్ధమవుతున్న టెంపెస్ట్ అనే మధ్యరకం కారు వాళ్ల ముందుంది. దానికి అనుకున్న ఇంజిన్ 326 క్యూబిక్ ఇంచులది. పాంటియాక్ పెద్ద కార్లలో వాడే 389 ఇంజిన్ బయటి కొలతలు చూస్తే 326తో సమానం. పట్టుకునే మౌంటింగులూ అవే. అంటే ఒకటి దించి రెండోది ఎక్కించడానికి ఛాసిస్ కోయక్కర్లేదు, వెల్డింగు అక్కర్లేదు, కొత్త బ్రాకెట్లు అక్కర్లేదు. 389 అంటే దాదాపు 6.4 లీటర్లు. అదే కాలంలో మన రోడ్ల మీద రాజ్యమేలిన అంబాసిడర్ ఇంజిన్ ఒకటిన్నర లీటరు.

పనిముట్లకు అడ్డం లేదు, అడ్డమల్లా కాగితమే. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ ఇంచులు మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో నియమం. కొత్త మోడల్ దేన్నైనా పైకమిటీ ముందు పెట్టాలి, పెడితే తిరస్కరిస్తారు. కానీ ఉన్న మోడల్‌కు అదనంగా ఇచ్చే ఆప్షన్‌కు ఆ ఆమోదం అవసరం లేదు. కాబట్టి జీటీఓను కారుగా కాక ఆప్షన్‌గా పెట్టారు. ల మాన్స్ అనే పేరుతో ఉన్న ఖరీదు టెంపెస్ట్ ఆర్డరు ఫారంలో ఒక గడి. దానికి టిక్కు పెట్టి సుమారు 295 డాలర్లు అదనంగా కడితే 389 ఇంజిన్, నేల మీద హర్స్ట్ గేరు రాడ్డు, రెండు సైలెన్సర్లు, గట్టి స్ప్రింగులు, ఎర్ర గీత టైర్లు, బానెట్ మీద ఉత్తుత్తి గాలి రంధ్రాలు, జీటీఓ బిళ్లలు వస్తాయి. మొత్తం కలిపినా 3,000 డాలర్ల లోపు.

డివిజన్ అధిపతి పీట్ ఎస్టెస్ సరేనన్నాడు. అమ్మకాల మేనేజరు ఫ్రాంక్ బ్రిడ్జ్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు, 5,000 మించి వద్దన్నాడు. మొదటి ఏడాదే 32,450 పోయాయి. పధ్నాలుగో అంతస్తు పెద్దలకు సంగతి తెలిసేసరికి డీలర్ల దగ్గర ఆర్డర్లు పేరుకుపోయాయి. జనరల్ మోటార్స్‌లో అంతస్తు సంఖ్య చెబితే చాలు, ఎవరి గురించో అందరికీ తెలిసేది. లాభం తెస్తున్న తప్పును శిక్షించే అలవాటు ఏ కంపెనీకీ లేదు. శిక్ష మాట అటుంచి మరుసటి ఏడాది నుంచి హద్దునే 400 క్యూబిక్ ఇంచులకు జరిపారు. దాని వెనకే ఇంకో తమాషా. బ్యూయిక్ డివిజన్ దగ్గరున్న ఇంజిన్ 401 క్యూబిక్ ఇంచులది. 1965లో గ్రాన్ స్పోర్ట్ కారులో అదే ఇంజిన్ పెట్టి, కాగితం మీద మాత్రం 400 అని రాసుకున్నారు.

జీటీఓ పేరు కూడా ఎరువు తెచ్చుకున్నదే. ఫెరారీ 250 జీటీఓలో ఆ మూడక్షరాలకు అర్థం, రేసులకు అర్హత పొందిన గ్రాండ్ టూరింగ్ కారని. పాంటియాక్ బండికి ఏ రేసు అర్హతా లేదు, పైగా సొంత కంపెనీయే రేసులు నిషేధించింది. యూరప్ కార్ల అభిమానులు మండిపడ్డారు, దాంతో ఉచిత ప్రచారం దొరికింది. ప్రచారం చూసుకునే జిమ్ వాంగర్స్ ఇంకో అడుగు వేశాడు. 1964 మార్చి కార్ అండ్ డ్రైవర్ పత్రిక అట్ట మీద రెండు జీటీఓలు పోటీ పడుతున్న బొమ్మ వచ్చింది. బొమ్మే, ఫోటో కాదు. ఆ పోటీకి ఫెరారీ రానేలేదు. వచ్చిన పాంటియాక్ సున్నా నుంచి గంటకు అరవై మైళ్లకు 4.6 సెకన్లలో చేరిందని రాశారు. ఆ టెస్టు కారులో ఉన్నది 389 కాదు, 421 క్యూబిక్ ఇంచుల ఇంజిన్ అని ఏళ్ల తర్వాత వాంగర్స్ స్వయంగా బయటపెట్టాడు. అప్పటికి ఆ వ్యాసం చెయ్యాల్సిన పని ఎప్పుడో చేసేసింది.

ఆ బండి మీద మోజుకు ప్రచారమొక్కటే కారణమంటే అన్యాయం. ట్రై-పవర్ అనే ఆప్షన్ తీసుకుంటే ఇంజిన్ నెత్తిన మూడు కార్బొరేటర్లు వరసగా ఉండేవి. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు నడిమిదొక్కటే పనిచేస్తుంది. కాలు అదిమితే ముందూ వెనకా ఉన్న రెండూ నోళ్లు తెరుస్తాయి. అప్పుడొచ్చే ఆ గుర్రుమనే శబ్దం, సీటుకు వీపు అతుక్కుపోవడం, ఇది ఏ ప్రకటనా అమ్మనక్కర్లేని సరుకు. మామూలు ఇంజిన్‌కు 325 హార్స్‌పవర్ అని రాస్తే దీనికి 348 అని రాశారు.

ఈ బండ్లకు అసలు పరీక్ష డెట్రాయిట్‌లోని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగేది. నగరం నడిబొడ్డు నుంచి వాయవ్యంగా పాంటియాక్ అనే ఊరిదాకా పోయే వెడల్పాటి రోడ్డు. దారి పొడవునా డ్రైవ్-ఇన్ హోటళ్లు, కుర్రాళ్ల గుంపులు. సాయంత్రాలు సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగిన రెండు బండ్లు పచ్చలైటు పడగానే తేల్చుకునేవి. కార్ల కంపెనీల ఇంజినీర్లు కూడా రాత్రిళ్లు ఫ్యాక్టరీ బండ్లను అక్కడికి తెచ్చేవారు. ఇప్పుడు ఏటా ఆగస్టులో ఇదే రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995లో మొదలైంది. ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ ప్రాంతాల్లో స్థిరపడి అదే కార్ల పరిశ్రమలో పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ రద్దీ బాగా పరిచయం. అయితే ఈ జ్ఞాపకాల తిరనాళ్లలో ఒక సంగతి సాధారణంగా కనిపించదు. 1967 జులైలో, మజిల్ కార్లు ఉచ్చస్థితిలో ఉన్న రోజుల్లోనే, ఆ రోడ్డుకు కాస్త దూరంలో నల్లజాతి పేటల్లో అల్లర్లు చెలరేగి 43 మంది చనిపోయారు. డ్రైవ్-ఇన్ సాయంత్రాలు ప్రధానంగా తెల్లవాళ్ల శివార్ల జ్ఞాపకం.

పోటీదారుల సంగతి త్వరగా దాటేయొచ్చు. ఓల్డ్స్‌మొబైల్ 1964లోనే 4-4-2 తెచ్చింది. నాలుగు నోళ్ల కార్బొరేటర్, నాలుగు గేర్లు, రెండు సైలెన్సర్లు అని ఆ అంకెలకు అర్థం. జనరల్ మోటార్స్‌లోనే మరో డివిజనైన షెవర్లే వాళ్లు షెవెల్ ఎస్ఎస్ 396 దింపారు. అదే 1964 ఏప్రిల్ 17న లీ ఐకోకా ఆధ్వర్యంలో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. 2,368 డాలర్ల ధర, మొదటి రోజే 22,000 ఆర్డర్లు, ఏడాదిలో నాలుగు లక్షలు దాటిన అమ్మకాలు. చాలామంది మస్టాంగ్‌ను మజిల్ కార్ల పట్టికలో మొదట రాస్తారు. నిక్కచ్చిగా చెప్పాలంటే అది పోనీ కార్ అనే వేరే శాఖ. చిన్న సైజు, పొడవు ముక్కు, అందం కోసం కొనే బండి, ఎక్కువమంది కొన్నది ఆరు సిలిండర్లదో చిన్న వీ8దో. పెద్ద ఇంజిన్లు తర్వాత ఎక్కాయి. 1967లో వచ్చిన షెవర్లే కమారో, పాంటియాక్ ఫైర్‌బర్డ్‌లదీ ఇదే వరస. ఇంజిన్లు పెరిగేకొద్దీ రెండు శాఖల మధ్య గీత చెరిగిపోయింది, ఇప్పుడు దాని కోసం వాదించి లాభం లేదు.

పేజీలు ఖర్చుపెట్టాల్సిన బండి ఒకటుంది, 1968 ప్లిమత్ రోడ్ రన్నర్. అప్పటికి జీటీఓ బాగా బలిసింది. 1966లో ఆప్షన్ నుంచి సొంత మోడల్‌గా మారి 96,946 అమ్ముడైంది. దాంతోపాటే సోకులు, కార్పెట్లు, ధర పెరిగాయి. మొదట ఎవరి కోసం పుట్టిందో ఆ కుర్రాడికి అందకుండా పోతోంది. క్రైస్లర్‌లో ప్లిమత్ వాళ్లు ఆ ఖాళీ చూశారు. పావు మైలు చివర గంటకు 100 మైళ్ల వేగం, ధర 3,000 డాలర్ల లోపు. ఇదీ లక్ష్యం. మరి డబ్బు ఎక్కడ మిగల్చాలి? కార్పెట్ తీసేసి రబ్బరు మ్యాట్ వేశారు. ముందు విడివిడి సీట్ల బదులు ట్యాక్సీల్లో ఉండే పొడవాటి బెంచీ సీటు. బయట మెరుపులు లేవు. మిగిల్చిందంతా ఇంజిన్ మీద పెట్టారు: 383 క్యూబిక్ ఇంచుల బ్లాకుకు పెద్ద 440 ఇంజిన్ నుంచి తెచ్చిన హెడ్లు, కామ్‌షాఫ్ట్, 335 హార్స్‌పవర్.

డబ్బు ధారాళంగా ఖర్చయింది ఒకే ఒక్క దానికి. వార్నర్ బ్రదర్స్ కార్టూన్లలో తోడేలుకు దొరక్కుండా పరిగెత్తే పిట్ట పేరు, బొమ్మ వాడుకోవడానికి 50,000 డాలర్లు కట్టారు. బండి హారన్ కూడా ఆ పిట్టలాగే బీప్ బీప్ అనేది. ఎదిగిన మగవాళ్లు కార్టూన్ పిట్ట బొమ్మ అతికించిన కారు కొంటారా అని కంపెనీలో అనుమానపడ్డారు. మొదటి ఏడాది దాదాపు 45,000 బండ్లు పోయాయి, రెండో ఏడు 80,000 దాటాయి. మజిల్ కారు అసలు సూత్రం ఈ బండిలో కనిపించినంత నగ్నంగా ఇంకెక్కడా కనిపించదు. పాంటియాక్ దీనికి జవాబుగా 1969లో చవకరకం జీటీఓ తెద్దామని మొదలుపెట్టింది. చివరికి అది జడ్జ్ పేరుతో మామూలు జీటీఓ కన్నా 332 డాలర్లు ఎక్కువ ధరకు వచ్చింది. పెద్ద కంపెనీల్లో పొదుపు ఎలా జరుగుతుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

క్రైస్లర్‌కు ఇంకో ఆయుధముంది, 426 హెమీ. దీంట్లో సిలిండర్ పైకప్పు అర్ధగోళాకారంలో ఉంటుంది. లోనికి గాలి తెచ్చే వాల్వు ఒకవైపు, పొగ బయటికి పంపేది ఎదురువైపు ఏటవాలుగా అమరుతాయి, కాబట్టి రెండిటినీ పెద్దవి చేయొచ్చు. మిశ్రమం ఒక పక్కనుంచి వచ్చి తిన్నగా మరో పక్కకు పోతుంది. బరువు, ఖర్చు రెండూ ఎక్కువే, ఊపిరి మాత్రం అమోఘం. 1964 ఫిబ్రవరిలో డేటోనా 500 రేసులో రిచర్డ్ పెటీ ప్లిమత్ మొదట వచ్చింది, రెండు మూడు స్థానాలూ ప్లిమత్‌వే. జనానికి అమ్మని ఇంజిన్ రేసులో చెల్లదని 1965కి ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ అడ్డం కొట్టింది. అయితే అమ్ముతాం పొండని 1966లో క్రైస్లర్ దాన్ని రోడ్డు బండ్లలో పెట్టింది. 7 లీటర్లు, రెండు నాలుగునోళ్ల కార్బొరేటర్లు, 425 హార్స్‌పవర్. రేసు రూల్ పుస్తకంలో ఒక వాక్యం వల్ల పాలు, కూరగాయలు తేవడానికి వాడుకునే కార్లలోకి రేసు ఇంజిన్ వచ్చిపడింది.

అదే తర్కం మూడేళ్లకు వెర్రితలలు వేసింది. క్రైస్లర్ కంపెనీవే అయిన 1969 డాడ్జ్ చార్జర్ డేటోనా, 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్‌లకు గాలిని చీల్చే కోసుముక్కు, డిక్కీ మీద దాదాపు రెండడుగుల ఎత్తు రెక్క. ఆకారం కూడా షోరూంలో అమ్మితేనే రేసుకు పనికొస్తుంది మరి. 1970 మార్చి 24న టలడేగా ట్రాక్ మీద బడీ బేకర్ డేటోనా బండిలో గంటకు 200.447 మైళ్లు తోలాడు, అంటే 322 కిలోమీటర్ల పైన. ప్లిమత్‌ను వదిలి ఫోర్డ్‌కు వెళ్లిపోయిన పెటీని సూపర్‌బర్డే వెనక్కి రప్పించింది. డీలర్లకు మాత్రం అది గుదిబండ. 1,900 పైచిలుకు తయారుచేస్తే చాలా బండ్లు షోరూముల్లో దుమ్ముపట్టాయి. కొందరు ముక్కూ రెక్కా ఊడదీసి మామూలు రోడ్ రన్నర్‌గా అమ్ముకున్నారట. 1971కి నాస్కార్ ఈ రెక్కల బండ్ల ఇంజిన్‌ను 305 క్యూబిక్ ఇంచులకు కుదించింది, ఆ ముచ్చట అక్కడితో సరి.

కాగితం దొడ్డిదారుల్లో నా లెక్కన అన్నిటినీ మించింది 1969 కమారో. 400 క్యూబిక్ ఇంచుల హద్దు ఇంకా అమల్లోనే ఉంది. కోపో అనే పొడి పేరుతో షెవర్లేలో ప్రత్యేక ఆర్డర్ల పద్ధతి ఒకటుండేది. ట్యాక్సీ కంపెనీలకు ఫలానా రంగు, పోలీసులకు ఫలానా సీట్లు, ఇలాంటి చిల్లర కోరికలు తీర్చడానికి పెట్టుకున్నది. పెన్సిల్వేనియాలోని కెనన్స్‌బర్గ్ డీలరు డాన్ యెంకో ఆ ఫారం మీదే 427 ఇంజిన్ ఉన్న కమారోలు తెప్పించాడు. ఇలినాయ్ డీలరు ఫ్రెడ్ గిబ్ ఇంకా ముందుకెళ్లి మొత్తం అల్యూమినియంతో చేసిన జడ్ఎల్1 అనే రేసు ఇంజిన్‌తో 50 బండ్లు రాయించాడు. బిల్లు చూసి గుండె జారింది. ఒక్క ఇంజినుకే 4,000 డాలర్లు దాటింది, కారు 7,000 దాటింది. చాలావాటిని కంపెనీ వెనక్కి తీసుకుని వేరే డీలర్లకు పంచాల్సొచ్చింది. మొత్తం 69 బండ్లే తయారయ్యాయి.

ఇంతసేపూ రాసిన హార్స్‌పవర్ అంకెల్ని కూడా కాస్త అనుమానంగానే చూడాలి. ఆ రోజుల్లో స్థూల శక్తి కొలిచేవారు. ఇంజిన్‌ను బల్ల మీద బిగించి, ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు, ఆల్టర్నేటరు వంటి భారాలు తీసేసి వచ్చిన అంకె అది. కారులో బిగించాక అంత రాదు. అలాగని అంకెలన్నీ పెంచి రాసినవే అనుకోవద్దు, కొన్ని కావాలనే తగ్గించినవి. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కు 335 అని రాశారు, కమారో జెడ్28కి 290 అని. రెండూ అంతకన్నా ఎక్కువే ఇచ్చేవి. పావు మైలు డ్రాగ్ రేసుల్లో అంకెను బట్టి తరగతి, ఇన్సూరెన్సులో అంకెను బట్టి ప్రీమియం, కాబట్టి తగ్గించి రాసుకోవడమే లాభం. జనరల్ మోటార్స్‌లో మరో నియమం ఉండేది, పది పౌండ్ల బరువుకు ఒక హార్స్‌పవర్ మించకూడదని. దాని కోసం 1967 ఫైర్‌బర్డ్ 400లో కార్బొరేటరు పూర్తిగా తెరుచుకోకుండా చిన్న రేకు ముక్క అడ్డం పెట్టారు. కాగితం మీద 325 హార్స్‌పవర్, నియమం దక్కింది. కొన్నవాడు ఇంటికెళ్లి ఆ రేకును వంచేస్తే అదే ఇంజిన్ జీటీఓ అంత పలికేది.

1970లో ఆ హద్దులన్నీ ఎత్తేశారు. షెవెల్ ఎస్ఎస్ 454కి 450 హార్స్‌పవర్, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్‌లకు 455 ఇంజిన్లు, అంటే ఏడున్నర లీటర్లు. పైకి చూస్తే శిఖరం. కానీ అప్పటికే బీమా కంపెనీలు లెక్కలు వేసేసుకున్నాయి. 1966లో అమెరికా రోడ్డు ప్రమాదాల మృతులు 50,000 దాటారు. కార్ల భద్రత కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్ ఉద్యమం ఊపుతో అదే ఏడు వాహన భద్రతా చట్టం వచ్చింది. బీమావాళ్లకు చట్టంతో పనిలేదు. బండి బరువునూ హార్స్‌పవర్‌నూ పక్కపక్కన పెట్టి, తోలేవాడు పాతికేళ్ల లోపు మగపిల్లాడైతే సర్‌చార్జి వడ్డించారు. మజిల్ కారు కొనేదే ఆ వయసువాడు! వాయిదా కట్టగలిగినవాడు ప్రీమియం కట్టలేకపోయాడు.

కంపెనీలు దానికీ కాగితం మీదే విరుగుడు వెతికాయి. 1970లో వచ్చిన ప్లిమత్ డస్టర్ 340 చిన్న బాడీ, 275 హార్స్‌పవర్ అని రాసిన ఇంజిన్. నిజానికి ఈ మొత్తం కాలంలో తెలివిగా కట్టిన బండ్లలో అదొకటి. ఓల్డ్స్‌మొబైల్ ర్యాలీ 350 బంపర్లతో సహా పసుపు రంగులో, మధ్యస్థమైన ఇంజిన్‌తో వచ్చింది. బీమా పట్టిక కన్నుగప్పడానికే పుట్టిన సంతానమిది. 3,500 పైన కాసిని మాత్రమే తయారయ్యాయి.

రెండో దెబ్బ గాలి నుంచి వచ్చింది. 1970 డిసెంబరు 31న నిక్సన్ సంతకం చేసిన స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం 1975 మోడళ్లకల్లా కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు 90 శాతం తగ్గాలి. అందుకు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కావాలి, దానికి సీసం కలిపిన పెట్రోలు విషం. సీసం తీసేస్తే పెట్రోలు ఆక్టేన్, అంటే తొందరపడి మండకుండా తట్టుకునే గుణం, పడిపోతుంది, ఆక్టేన్ పడిపోతే ఎక్కువ కంప్రెషన్ ఉన్న, అంటే మిశ్రమాన్ని బాగా నొక్కే, ఇంజిన్ లోపల ఠకఠకమని కొట్టుకుంటుంది. కాబట్టి 1971 నుంచి తమ ఇంజిన్లన్నీ తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నడిచేలా కంప్రెషన్ తగ్గిస్తామని జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఎడ్ కోల్ ప్రకటించాడు. 1955లో షెవర్లేకు చిన్న వీ8 ఇచ్చి ఈ ఊపుకు పునాది వేసిన ఇంజినీరూ ఆయనే.

మూడోది కొలబద్ద మారడం. 1972 నుంచి స్థూల శక్తి బదులు నికర శక్తి రాయాలి. అన్నీ బిగించాక ఇంజిన్ నిజంగా ఇచ్చేది ఎంతో అది. 1971లో హెమీ ఇంజిన్‌కు రెండు అంకెలూ దొరుకుతాయి: స్థూలంగా 425, నికరంగా 350. ఇనుము అదే, కార్బొరేటర్లు అవే, 75 గుర్రాలు కాగితం మీంచి ఎగిరిపోయాయి. కంప్రెషన్ తగ్గింపూ, ఈ మార్పూ ఒకేసారి రావడంతో షోరూంకి వచ్చినవాడికి బండి నిజంగా ఎంత చచ్చుబడిందో, లెక్కవల్ల ఎంత తగ్గిందో తెలిసే దారి లేకపోయింది. వాడు నష్టాన్నంతా నిజమనే అనుకున్నాడు.

1972లో జీటీఓను మళ్లీ ల మాన్స్ మీద ఆప్షన్‌గా మార్చేశారు. ఎక్కడ మొదలైందో ఆ గడిలోకే. ఈసారి టిక్కు పెట్టింది ఐదారు వేల మందే. హెమీ 1971తో ఆగిపోయింది. చమురు ఆంక్షలు వచ్చాక మిగిలినవి కూడా సర్దుకున్నాయి. 1974లో గంటకు 55 మైళ్ల జాతీయ వేగ పరిమితి వచ్చింది, మస్టాంగ్ చిన్న ఇంజిన్ల బుల్లి కారుగా మారింది, జీటీఓ చివరిసారిగా 7,058 బండ్లతో వెళ్లిపోయింది. ఎదురీదినవాళ్లూ ఉన్నారు. పాంటియాక్ ఇంజినీర్లు 1973, 74ల్లో 455 సూపర్ డ్యూటీ ఇంజిన్‌ను ఫైర్‌బర్డ్‌లో పెట్టి, నికరంగా 290 హార్స్‌పవర్ రాబట్టారు. ఆ కాలానికి అది మొండితనమే.

తర్వాతి దశాబ్దం గురించి చెప్పుకోదగ్గది తక్కువ. ఒక్క 1987 బ్యూయిక్ జీఎన్ఎక్స్‌ను మాత్రం వదలకూడదు. వీ8 కాదు, టర్బో ఎక్కించిన 3.8 లీటర్ల వీ6. నల్లరంగు, 276 హార్స్‌పవర్, 547 బండ్లు. మజిల్ కారుకు ఎనిమిది సిలిండర్లు తప్పనిసరా అన్న వాదన అప్పుడే తేలిపోయి ఉండాల్సింది. అభిమానులు ఈరోజుకూ తేల్చుకోలేదు.

1946 తరం పిల్లలకు యాభై దాటి చేతిలో డబ్బు మిగిలాక పాత బండ్ల ధరలు పైకి లేచాయి. 1971లో హెమీ ఆప్షన్‌కు 900 డాలర్ల లోపే, అయినా అప్పుడు కొన్నవాళ్లు కొద్దిమందే. హెమీ ఇంజిన్‌తో, కారు టాపు తెరుచుకునే ప్లిమత్ బారకుడా కూడా ఆ ఏడు పది పన్నెండుకు మించి తయారవలేదు. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. ఎవరూ అడగకపోవడమే దాని విలువ. కంపెనీలు కూడా ఈ మమకారాన్ని పసిగట్టాయి. 2005లో పాత ముఖంతో మస్టాంగ్, 2008లో డాడ్జ్ చాలెంజర్, 2010 మోడల్‌గా కమారో తిరిగొచ్చాయి. 2015 చాలెంజర్ హెల్‌క్యాట్‌కు 707 హార్స్‌పవర్, అదీ నికర లెక్కలో. 1970 బండ్లలో ఏదీ దాని దరిదాపులకు రాదు. పైగా ఇది బ్రేకు వేస్తే ఆగుతుంది కూడా.

ఉద్గారాల నిబంధనల ఒత్తిడి, మారిన కంపెనీ ప్రణాళికల మధ్య చాలెంజర్, కమారో రెండూ 2023 డిసెంబరులో ఆగిపోయాయి. 2024లో డాడ్జ్ బ్యాటరీ మీద నడిచే చార్జర్ డేటోనా తెచ్చింది. దానికి వీ8 గర్జన లాంటి శబ్దం పుట్టించే పెట్టె ఒకటి బిగించింది. పాత ఖాతాదారులు మొహం తిప్పుకున్నారు. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ మైలేజీ నిబంధనలు మీరితే కట్టాల్సిన జరిమానాను సున్నాకు దించింది. దానికి నెల ముందే, అదే కంపెనీకి చెందిన రామ్ ట్రక్కుల్లో హెమీ వీ8 తిరిగి వస్తుందని ప్రకటన వెలువడింది. చార్జర్‌కు కూడా పెట్రోలు ఇంజిన్ వచ్చింది: మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 550 హార్స్‌పవర్.